సముద్రానికి దండం పెట్టుకున్న దొంగలు

మా చిన్నప్పుడు... వలలు బాగుచేసే పందిట్లోకి మధ్యాహ్నం పూట టీవీ మోసుకొచ్చేవాడు మా శీనన్న. విడవలూరు దాటి సముద్రం వైపు వస్తే రోడ్డు అయిపోయిన చోట మా పాళెం. అందరివీ చేపల వేట ఇళ్ళే. సీడీ ప్లేయర్ ఉన్నది మాత్రం శీనన్న ఇంట్లోనే.

ఒకసారి మద్రాసు నుంచి ఒక పాత సీడీ తెచ్చాడు. నలుపు తెలుపు బొమ్మ. ఓడ మునిగి నలుగురు తెలివితక్కువవాళ్ళు ఒక దీవికి కొట్టుకొస్తారు. వాళ్ళ వెంట కత్తులు పట్టుకుని సముద్రపు దొంగలు. దొంగలకు వీళ్ళకన్నా తెలివి తక్కువ. అంతా ఇంగ్లీషు... ఒక్క ముక్క అర్థం కాలేదు. అవసరమూ రాలేదు. జారిపడేవాడికి భాషేంటి?

పిల్లలం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. పెద్దవాళ్ళు మాత్రం తిడుతున్నారు. ఆ నలుగురూ లంగరు ఎత్తకుండానే తెడ్లు వేస్తుంటే మా అవ్వ చేతిలో వల పక్కన పడేసి లేచింది.

"లంగరెత్తండ్రా సన్నాసుల్లారా... ఎంతసేపేస్తే మాత్రం యాడికి పోద్ది?"

"వాళ్ళకి ఇనపడదు అవ్వా" అన్నాడు శీనన్న.

"ఇనపడినా ఎత్తరు. ఆ మొహాలు సూడు."

ఆ ఏడాదే హైస్కూల్లో వార్షికోత్సవం. స్కూలు లోపలి ఊళ్ళో, వరి పొలాల మధ్య ఉండేది. పాళెం పిల్లలకు ఎప్పుడూ ఒకటే పని... బెంచీలు మోయడం, తెర తాడు లాగడం. స్టేజీ ఎక్కేది ఊళ్ళో పిల్లలు. ఎందుకో ఎవరూ పైకి చెప్పేవాళ్ళు కాదు. మేం పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవాళ్ళు, అంతే. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆదివారం మీ కూరలో ఉడికిన చేప మా ఇంటి నుంచి వచ్చిందే కదా.

వార్షికోత్సవం చూసుకునే సార్‌ని నేనే పోయి అడిగాను. మేం కూడా నాటకం వేస్తాం సార్ అని.

"డైలాగులకి నోరు తిరుగుతుందా మే మీకు?"

"డైలాగుల్లేవు సార్. పడడమే."

సార్ నన్ను కిందా మీదా చూశాడు. "సరే, చివర్లో కాసేపు ఇస్తా. జనం నవ్వకపోతే మధ్యలోనే తెర దించేస్తా. ఇంక పాళెమోళ్ళెవరూ స్టేజీ ఊసెత్తకూడదు."

ఒప్పుకున్నాను. ఆ సీడీలో చూసిన కథే మా నాటకం. నేను దొంగల నాయకురాలిని. నా క్లాసు పెంచలయ్య ఆ నలుగురిలో ఒకడు, తెప్ప మీద నుంచి పడేవాడు. థర్మాకోల్ దిమ్మలకు పట్టా చుట్టి కట్టిన నిజం తెప్పనే ఇసకలో పెట్టుకుని, దాని మీద నిలబడి పడడం నేర్చుకుంటున్నాం. అక్కడే చిక్కు వచ్చింది... వాడికి పడడం రాలేదు. తోస్తే ఒంగుతాడు, ఊగుతాడు, మళ్ళీ నిలబడతాడు.

"పడరా."

"పడతానే ఉండా మే. కాళ్ళు ఇనడంలా."

పుట్టినప్పటి నుంచి పడకుండా ఉండడమే నేర్చుకున్న కాళ్ళు. ఏం చేస్తాయి?

ఇదంతా చూస్తున్న అవ్వ కొంగు దోపుకుని తెప్పెక్కింది. "మీ తాత తెప్పెక్కిన మొదటి రోజు ఎట్టా పడినాడో సూడండి" అంది. ఒక చేత్తో ఆకాశాన్ని పట్టుకోబోయింది. దొరకలేదు. ఇంకో చేత్తో పెంచలయ్య చొక్కా పట్టుకుంది. ఇద్దరూ ఇసకలో.

"లేచినాక ఎవురూ సూళ్ళేదు గదా అని అటూ ఇటూ సూసినాడు. అది మర్చిపోబాకండి. నవ్వు ఆడుంది."

సినిమా చూసి ఒక్కసారి కూడా నవ్వని మనిషి మాకు నవ్వించడం నేర్పింది.

వార్షికోత్సవం రోజు సాయంత్రం ముందు కుర్చీల్లో ఊరి పెద్దలు. వెనకాల, చేపలమ్మి అటునుంచి అటే గంపలతో వచ్చిన మా ఆడవాళ్ళు. నాటకం మొదలైంది. ఎవరూ నవ్వలేదు. తెర లేచేసరికే తెప్ప మీద నిలబడి ఉన్న పెంచలయ్య పడాల్సిన చోట పడలేదు... భయంతో కాళ్ళు ఇంకా గట్టిగా నిలబడ్డాయి. సార్ పోయి తెర తాడు మీద చెయ్యి వేశాడు. నాకు కనిపిస్తూనే ఉంది.

ఇంక తరమడమే మిగిలింది. దొంగలం కత్తులెత్తి అరుచుకుంటూ వెంటపడ్డాం. ఆ నలుగురూ తెప్ప దిగి, స్టేజీ చుట్టూ తిరిగి మళ్ళీ తెప్ప దగ్గరికి వచ్చి... ఆగిపోయారు. చెప్పులు విడిచారు. వంగి, లేని నీళ్ళను తాకి కళ్ళకు అద్దుకున్నారు. గంగమ్మకు దండం పెట్టకుండా మా పాళెంలో ఎవరూ వేటకు తెప్పెక్కరు. ఇసకలో పడడం నేర్చుకున్నామే గానీ, వేటకు పోతున్నట్టు ఎక్కడం మేం ఒక్కసారీ సాధన చేయలేదు. భయంలో చేతులు వాటికి తెలిసిన పని చేశాయి.

వెనకే వచ్చిన దొంగలం మేమూ ఆగాం. కత్తులు చంకలో పెట్టుకున్నాం. చెప్పులు విడిచాం. మేమూ వంగాం. వాళ్ళు దండం ముగించేదాకా కదలకుండా నిలబడ్డాం కూడా... దండం పెట్టుకునేవాణ్ణి ఎట్లా నరుకుతాం?

ముందు వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు వెనక్కి పాకింది. ఎందుకు నవ్వుతున్నారో మాకు తెలియదు. వాళ్ళు తెప్పెక్కి తెడ్లు వేయడం మొదలుపెట్టారు. అప్పుడు జనంలోంచి అవ్వ గొంతు.

"లంగరెత్తండ్రా సన్నాసుల్లారా."

పెంచలయ్య ఉలిక్కిపడి అటు తిరిగాడు. వాడి కాళ్ళు మొదటిసారి మాట విన్నాయి. దభీమని పడ్డాడు. లేచి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూశాడు.

కుర్చీలు పడిపోయాయి. ముక్కు మూసుకున్న పిల్లలు ఇప్పుడు పొట్ట పట్టుకున్నారు. సార్ వైపు చూశాను. చెయ్యి తాడు మీద లేదు, కళ్ళు తుడుచుకుంటోంది. ఆ తెర నేనే దించాను... ఆట అయిపోయాక, మేం దించాలనుకున్నప్పుడు. మరుసటి ఏడాది బెంచీలు అందరూ మోశారు.

ఇప్పుడు నేను కోట అనే ఊరి దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే లైనులో ఉన్నాను. అవ్వ లేదు. తెప్పలు తగ్గి ఫైబర్ బోట్లు వచ్చాయి. పెంచలయ్య మాత్రం ఇంజను మీద చెయ్యి వేసే ముందు ఇంకా నీళ్ళు కళ్ళకద్దుకుంటాడు. మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్ తెరిస్తే, ఎప్పుడూ తెప్పెక్కనివాళ్ళు మా మాటతీరును వెక్కిరిస్తూ రీల్స్ చేస్తుంటారు. ఒక్కడూ చెప్పులు విడవడు.

ఇప్పటి స్టేజీలకు తాడు లాగే తెరలు లేవు... దించేస్తామనే చేతులు మాత్రం ఉన్నాయి. మిమ్మల్నీ చిన్నప్పుడు ఎవరో ఒకరు స్టేజీ దిగమనే ఉంటారు. దిగకుండా ఏం చేశారో కింద రాయండి. మా లైనులో అందరికీ చదివి వినిపిస్తాను.