అందింపు కాదు, మోత

ఆగిరిపల్లి దగ్గర ప్రేమ్‌చంద్ కౌలుకి తీసుకున్న మామిడితోటలో, లారీ మీద ట్రేలు పేర్చే మగవాళ్ళ పనిని మోత అంటారు. చెట్ల కింద కాయ నింపిన ట్రే ఎత్తుకుని, తోటంతా దాటి తెచ్చి, లారీ అంచుదాకా పైకి లేపే ఆడవాళ్ళ పనిని మాత్రం అందింపు అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారోగాని, ఏనాడూ ట్రే మోయని మనిషే పెట్టి ఉంటాడు.

దయామణికి అలా అందిస్తూ అందిస్తూనే తల నెరిసింది. ఒకరికి జంకే రకం కాదామె. పాస్టరుగారు ప్రార్థన మరీ సాగదీస్తే, “దేవుడికి వినబడిందిలెండి” అని లేచి వచ్చేసిన మనిషి. అలాంటి దయామణికీ ఇప్పుడొక భయం పట్టుకుంది. నిరుటి నుంచి నడుం పట్టేస్తోంది. బరువులు ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఎత్తకపోతే తోటలోకి పిలిచేదెవరు?

ఆ ఉదయం ప్రేమ్‌చంద్ కొత్తరకం బెల్టులు తెచ్చాడు. భుజాలకీ తొడలకీ పట్టీలు, వీపు వెనక స్ప్రింగులు. వంగి లేచేటప్పుడు నడుం మీద పడే భారంలో కొంత అవే పట్టుకుంటాయట. దయామణికి ప్రాణం లేచొచ్చింది. ఆయన వాటిని లారీ మీది మగవాళ్ళకి పంచి చేతులు దులుపుకున్నాడు.

“మాకేవండీ?” అంది.

“మోసేవాళ్ళకని తెప్పించాను. మీది అందింపేగా.”

దయామణికి ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి కలెక్టర్ మామిడికాయల కుప్ప పక్కన చతికిలబడి, ఒక్క కాయ తీసి లారీ వైపు చెయ్యి చాపింది.

“క్రీస్తుదాసూ, అందుకో.”

బెల్టు బిగించుకుని లారీ మీద నిలబడ్డ క్రీస్తుదాసు ఆమెకి మరిది వరస. “అంత దూరం నుంచా వదినా?” అన్నాడు.

“అందించడమే నా పనంట. అక్కడిదాకా తెస్తే మోతైపోద్ది.”

పక్కనున్న కృపావతి కిసుక్కున నవ్వి, తానూ కూర్చుని ఒక కాయ చాపింది. కాసేపటికి ఆడవాళ్ళందరూ కూర్చుని చేతులు చాపారు. లారీ డ్రైవరు హారన్ మోగించాడు.

ప్రేమ్‌చంద్ గొంతు తగ్గించాడు. “అవి మగవాళ్ళ కొలతలమ్మా.”

“నాది ఆడనడుమని ట్రే ఏమన్నా తేలికైందా అండీ?”

క్రీస్తుదాసు దిగొచ్చి, తన బెల్టు విప్పి వదినకి కట్టాడు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పళ్ళు బిగించి నిండు ట్రే ఎత్తింది. ఎదురుచూసిన పోటు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత సుఖం మగవాళ్ళకి మాత్రమేనని ప్రేమ్‌చంద్ అనుకున్నందుకు కోపం రెట్టింపయింది.

ట్రే లారీ మీద పెట్టగానే ప్రేమ్‌చంద్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “సరే, అది నువ్వు వాడుకో. ఇక కానివ్వండి.”

దయామణి బెల్టు విప్పి కృపావతి భుజాన వేసి, మళ్ళీ కుప్ప దగ్గర కూర్చుంది.

“ఒకళ్ళకి వచ్చిందండి. మిగతావాళ్ళకి వచ్చేదాకా అందిస్తూ ఉంటాం,” అని ఈసారి కాయ ప్రేమ్‌చంద్ వైపే చాపింది.