వీసా అక్కర్లేని ఫ్రాన్స్

ఫ్రాన్స్ చూపిస్తానని పెళ్ళిలో ప్రవల్లికకు మాటిచ్చాను. క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని, మేముండే న్యూజిలాండ్‌లోనే ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు స్థిరపడిన అకరోవా అనే ఊరికి తీసుకెళ్ళాను. వీధుల పేర్లు ఫ్రెంచి, జెండాలు ఫ్రెంచి, పైగా వీసా అక్కర్లేదు. వాన మాత్రం అచ్చంగా న్యూజిలాండ్‌దే. అద్దం తుడిచి తుడిచి ఊరు చూపిస్తున్నాను.

"ఇదేనా నీ ఫ్రాన్స్?" అంది.

గొడుగుతో వెళ్తున్న ఆ ఊరి పెద్దాయన వ్యాన్ చూసి పలకరించాడు. తన పూర్వీకులది ఫ్రాన్సేనట. నాకు సాక్షి దొరికాడనుకున్నాను.

"మీరు ఫ్రాన్స్ చూశారా?" అడిగింది ప్రవల్లిక.

"ఎందుకు? మా ఆవిడ అడిగినప్పుడల్లా ఈ వీధిలోనే ఓ రౌండ్ తిప్పుతాను," అంటూ నాకు కన్నుగీటాడు.

"ఆవిడ ఊరుకున్నారా?" ఆశగా అడిగాను.

"లేదు. పోయిన నెల ఒక్కతే వెళ్ళింది. ఇంకా రాలేదు, మేట్."

వాన తగ్గేలోపే పారిస్ టికెట్లు వెతికాను. ఇద్దరికీ.