తెలుగులో చదివిన సన్మాన పత్రం

కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో కూలి చేసుకునే ఏసేపు కూతురు జీవమ్మ. కర్నూలులో బి.ఎ. చేరిన ఏడాది, పాఠాలన్నీ ఇంగ్లీషులో సాగడంతో పరీక్ష తప్పింది. మళ్లీ రాయనివ్వమని అడగడానికి ఏసేపు కూతురిని వెంటబెట్టుకుని వెళ్లి ప్రిన్సిపాల్ ఓబుళరెడ్డి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నవ్వుతూ ఇంగ్లీషులో అన్నాడు: ‘పేడ ఎత్తే చేతులకు పుస్తకాలెందుకు? దీన్ని తీసుకుపోయి దొడ్లోనే పెట్టుకోమనండి.’ గదిలోని లెక్చరర్లు ఫక్కున నవ్వారు. వాళ్లు నవ్వుతున్నారు గదా అని ఏసేపూ నవ్వి, వంగి దండం పెట్టాడు.

“దొర శానా మంచోడమ్మా. నగుతానే మాట్లాడినాడు,” అన్నాడు బయటికొచ్చి.

జీవమ్మ ఏమీ చెప్పలేదు. ఆ మాట అర్థమయ్యేంత ఇంగ్లీషు ఆమెకు అప్పటికే వచ్చు. మిగతాదంతా పగతో నేర్చుకుంది. మళ్లీ పరీక్ష కట్టి పాసై, ఎం.ఎ. చదివి, అదే కాలేజీలో ట్యూటరుగా చేరి, ఆయన రిటైరయ్యే రోజు కోసం కాచుకుని కూర్చుంది.

రిటైరయ్యేవాళ్లకు ఇంగ్లీషులో సన్మాన పత్రం చదివి, అద్దం కట్టించి ఇవ్వడం ఆ కాలేజీ ఆనవాయితీ. పల్లెల నుంచి వచ్చినవాళ్లు అర్థం కాకపోయినా ముందు వరుసను చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. ఈసారి చదవడానికి ఓబుళరెడ్డే జీవమ్మ పేరు చెప్పాడు, ఉచ్చారణ బాగుంటుందని. ఆమె ఎవరి కూతురో ఆయనకు గుర్తే లేదు.

జీవమ్మ పత్రాన్ని బల్ల మీద బోర్లించి, తెలుగులో మొదలుపెట్టింది. ముందు వరుసలో ఓబుళరెడ్డి తల్లి రామసుబ్బమ్మ. వెనక ఏసేపు, రావద్దన్నా వచ్చాడు. తండ్రిని చూసినా ఆమె ఆగలేదు. ఆ రోజు తన తండ్రిని ఆయన ఏమన్నాడో అక్షరం పోకుండా తెలుగులో చెప్పింది.

రామసుబ్బమ్మ లేచింది. “ఏమిరా ఓబుళా, ఇంత మాటంటివా?”

ఆయన ఇంగ్లీషులో ఏదో అందుకున్నాడు.

“ఆ మాటలు నాకొద్దురా! నాకు తెలిసేట్లు చెప్పు. అంటివా, లేదా?”

ఓబుళరెడ్డి జేబురుమాలు వెతుక్కున్నాడు. ఆయన నుదుటి చెమటను జీవమ్మ కళ్లారా చూసింది.

బయట ఏసేపు మొహం చిన్నబోయింది. “ఆ పొద్దే చెప్పింటే నేనే అడిగిండేవాన్ని గదమ్మా!”

“నువ్వు అడిగింటే మెడబట్టి గెంటిండేటోళ్లు నాయనా. ఈ పొద్దు వాళ్లమ్మే అడుగుతాండాది. అడగనీ. ఇంటికి పోయినాక గూడా అడగనీ.”