కళ్ళు మూసుకున్న ఫొటో

పిల్లల చేత కళ్ళు తెరిపించడమంటే మాటలు కాదు. నమ్మకపోతే ఒక్కరోజు ఫొటో అత్త పక్కన నిలబడి చూడండి. ఒకడు ముక్కు గోక్కుంటాడు, ఒకతె ముందుదాని జడ లాగుతుంది. అమ్మయ్య, అంతా కుదిరిందనుకుని మీట నొక్కేసరికి, సరిగ్గా అప్పుడే ఎవడో మహానుభావుడు రెప్ప వాల్చేస్తాడు.

ఆవిడ అసలు పేరు స్టూడియో బోర్డు మీద ఉంది గానీ దాన్ని చదివే తీరిక ఎవరికుంది? అన్న కూతురు "అత్తా" అని పిలుస్తుంటే విని, బడి మొత్తం అదే వరస కలిపేసింది. మెట్ల కింద చిన్న గది ఆ స్టూడియో. గోడకు నీలం గుడ్డ, దాని ముందు ఒక కాలు పొట్టిదైన స్టూలు, అద్దం పక్కన దారంతో కట్టేసిన దువ్వెన. లోపలి మూల కంప్యూటర్. అక్కడ కూర్చుని వాలిన రెప్పలు తెరుస్తుంది, ఎర్రబడ్డ కళ్ళను పాలలా తెల్లగా దిద్దుతుంది. తల్లులు ఆ ఫొటోలు చూసి మురిసిపోతారు, వాళ్ళను చూసి ఈవిడా మురిసిపోతుంది.

ఈ మధ్య ఆ దిద్దుడు ఎక్కువైంది. ఏ పిల్లను కూర్చోబెట్టినా రెప్పలు టపటపా కొట్టుకోవడమే. ఫ్లాష్ తప్పేమోనని ఫ్లాష్ మార్చింది, లైటు వెనక్కి జరిపింది. ఊహూ, మార్పు లేదు. ఎందుకబ్బా? ఒక ప్రశ్న పట్టుకుంటే ఆవిడకు ముద్ద దిగదు. కూరలో ఉప్పెక్కువైనా సరే, ఎవరు రెండోసారి వేశారో తేలాల్సిందే.

అన్న కూతుర్ని ఇంట్లో పిచ్చుక అంటారు. బడి వదలగానే స్టూడియోకి వచ్చి, తల్లి పని ముగించుకొచ్చేదాకా అత్త ఫోనుతో స్టూలెక్కి కూర్చుంటుంది. అల్లరి చేయదు, అడ్డం రాదు. అత్తకు కావలసిందీ అదే. చిక్కల్లా ఇంటికెళ్ళి పుస్తకం తీశాక వచ్చేది.

"అమ్మా, తలనొప్పి."

"వచ్చిందీ? ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా" అనేది వదిన. "పుస్తకం ముట్టుకుంటేనే వస్తుందే ఆ నొప్పి? నాటకాల రాణీ!"

ఒకసారి అక్కడే ఉన్న అత్త కూడా పకపకా నవ్వింది. నవ్వింది మరి, దాచడమెందుకు?

కొన్నాళ్ళకు పిచ్చుక తలనొప్పి మాటే ఎత్తడం మానేసింది. "చూశావా, పట్టించుకోకపోతే అదే పోయింది" అని వదిన సంబరపడింది. కానీ పిల్ల బొమ్మలు వేయడం కూడా మానేసింది. గోడలు, అట్టలు, అత్త బిల్లుల వెనకవైపు, ఏదీ వదలకుండా గీసేసే పిల్ల, రంగు పెన్సిళ్ళ డబ్బా మూత కూడా తీయడం లేదు. ఇదేమీ బాగాలేదని అత్త మనసు పీకుతూనే ఉంది.

ఇంతలో బడిలో తరగతి ఫొటోల రోజు వచ్చింది. పిచ్చుక తరగతిని బెంచీల మీద మూడు వరసలుగా సర్ది, అత్త తన పాత చిట్కా వాడింది. "అందరూ కళ్ళు మూసుకోండి. నేను మూడు అనగానే తెరవాలి. ఒకటి..."

అప్పుడే కెమెరా స్టాండు కాలు ఒకటి జారింది. వంగి దాన్ని బిగిస్తుంటే అనుమానమొచ్చింది. ఇంత నిశ్శబ్దమేమిటి? తలెత్తి చూస్తే పిల్లలంతా కళ్ళు మూసుకుని హాయిగా కూర్చున్నారు. జడలు లాగడం లేదు, మోచేతి పోట్లు లేవు.

"రెండు, మూడు!"

సగం మంది తెరవలేదు.

"ఇంకాసేపు, అత్తా!" అన్నాడు ముందు వరస బొద్దుగాడు. "హాయిగా ఉంది."

"తెరిస్తే ఏమవుతుందిరా?"

"మండుతాయి."

"నాక్కూడా!" "నాక్కూడా!" అని వెనక నుంచి అరుపులు.

టీచరమ్మ నవ్వింది. "వీళ్ళ మాటలు నమ్మకండి. గొర్రెదాటు. ఒకరంటే అందరూ అంటారు."

నిజమే, అలాగూ కావచ్చు. మరి తేల్చుకునేదెలా? "సరే, ఎవరూ మాట్లాడొద్దు. అందరూ మళ్ళీ కళ్ళు మూయండి. ఎవరికి కళ్ళు మండుతాయో, ఎవరికి తలనొప్పి వస్తుందో వాళ్ళు చెయ్యెత్తండి. దొంగచూపులు చూశారో, ఫొటోలో మీసాలు పెట్టేస్తా!"

పక్కవాడు ఎత్తాడో లేదో ఎవరికీ తెలియదు. అయినా సగానికి పైగా చేతులు లేచాయి. అత్త మీట నొక్కింది. టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. "నాకెప్పుడూ చెప్పలేదే వీళ్ళు" అంది మెల్లగా.

రెండో వరసలో పిచ్చుక కూడా కళ్ళు గట్టిగా మూసుకునే ఉంది. చేతులు మాత్రం ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఇదెందుకు ఎత్తలేదు?

తిరిగొస్తూ దారిలో ఉన్న కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి అత్త ఆ ఫొటో చూపించింది. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు.

"నా దగ్గరికి రోజూ వచ్చేది వీళ్ళేనండీ. దగ్గరున్నదాన్నే గంటల తరబడి చూస్తే కళ్ళు అలిసిపోవూ? చూస్తూ చూస్తూ రెప్ప వేయడం కూడా మరిచిపోతారు. ఫోనే కానక్కర్లేదు, పుస్తకమైనా అంతే. కొందరికి కాస్త విశ్రాంతి చాలు, కొందరికి అద్దాలు కావాలి. పరీక్ష చేస్తేగానీ తెలీదు."

"మరి చెప్పరేమండీ?"

"మనకైతే మునుపు ఎలా ఉండేదో తెలుసు. వాళ్ళకు అది తెలీదు, అందరికీ ఇంతేననుకుంటారు."

ఆ సాయంత్రం అత్త ఫోనును సొరుగులో పడేసి, పిచ్చుకను వెంటబెట్టుకుని అన్నగారింటికి వెళ్ళింది. వదినకు ఆ ఫొటో ప్రింటు చూపించి జరిగిందంతా చెప్పింది. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మనది ఎత్తలేదుగా! దీనికేమీ లేదనేగా అర్థం?" అని గోడకేసి చూపించింది. అక్కడ పిచ్చుక పుట్టినరోజు ఫొటో వేలాడుతోంది. "చూడు, కళ్ళు ముత్యాల్లా లేవూ?"



"అవి దాని కళ్ళు కావు వదినా. నేను దిద్దినవి. ఆ రోజు ఎర్రగా చింతనిప్పుల్లా ఉంటే, ఫొటో పాడవుతుందని తెల్లగా చేసేశాను."

 వదిన గోడ మీది పిల్లను చూసింది, గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లను చూసింది. పిచ్చుక రెప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"ఏమ్మా, నువ్వెందుకు ఎత్తలేదు?" అని అడిగింది అత్త.

పిచ్చుక ముందు తల్లి ముఖం చూసింది, తర్వాత అత్త ముఖం చూసింది.

"ఎత్తితే నాటకం అంటారుగా."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఈ పిల్ల అడిగింది కదా, ఎన్నిసార్లు అడిగింది!

వదిన కుర్చీలోంచి లేచి వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అననమ్మా. ఇంకెప్పుడూ అనను. ఇప్పుడు చెప్పు, నొప్పిగా ఉందా?"

 పిచ్చుక కళ్ళు మూసుకుంది. మెల్లగా చెయ్యెత్తింది.