వీపు లేని కవచం

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోనే కాదు, కామారెడ్డి బస్టాండులో జామపండ్లు అమ్మే ఆమెకు కూడా తెలుసు. బీమా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం నాది. కౌంటరు అవతల మనిషి ఎంత అరిచినా ఇవతల మనిషి నవ్వుతూ ఉండాలని అక్కడ నియమం. పగలంతా నవ్వి, సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెల మీద కసి తీర్చుకునేదాన్ని. అలాంటి రోజుల్లో ఒక సంగతి తెలిసింది. హైదరాబాదులో కొందరు ఆదివారాలు పాతకాలపు యూరప్ సైనికుల్లా ఒంటి నిండా ఇనుప రేకులు తొడుక్కుని, మొద్దు కత్తులతో నిజంగానే కొట్టుకుంటారట. ఆడవాళ్ళకూ పోటీలు ఉన్నాయట. ఎదుటి మనిషి కొట్టించుకోవడానికి ఒప్పుకునే వస్తుంది, అయిపోయాక ఇద్దరూ కలిసి చాయ్ తాగుతారు. ఇంతకంటే మర్యాదైన ఏర్పాటు నేను ఎక్కడా వినలేదు.

కొన్ని నెలలపాటు రైలెక్కి వెళ్ళి నేర్చుకున్నాను. కత్తి తిప్పడం వచ్చింది గానీ, వాళ్ళు అరువిచ్చిన తొడుగుల్లో ఒక్కటీ నాకు సరిపోలేదు. అన్నీ మగవాళ్ళ కొలతలు. భుజాల దగ్గర నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు, నడుము దగ్గర నేనొక్కదాన్నీ పట్టను. చెయ్యెత్తితే మెడ దగ్గరి రేకు వచ్చి గడ్డానికి కొట్టేది. పోటీకి, తలకు పెట్టుకునే ఇనుప టోపీ తప్ప, సొంత తొడుగుతోనే రావాలని, ముందు దాన్ని పరీక్షిస్తారని, అందులో నెగ్గితేనే బరిలోకి పంపుతారని నేర్పే ఆయన చెప్పాడు. ఫోన్లో విదేశీ తొడుగులన్నీ చూశాను. ఒకటి పొట్టకు బిగుతు, ఒకటి చంకలకు వదులు. ఒకటి చాలా అందంగా ఉంది గానీ అది నాటకాలకు మాత్రమేనట, ఒక్క దెబ్బకు అప్పడంలా విరుగుతుందట. రేకు పలచనైతే దెబ్బ ఆగదు, మందమైతే నేను కదలను. ఒక్క చీర కొనడానికి బజారంతా తిప్పి అమ్మ ప్రాణం తీసే నేను, ఇనుప జాకెట్టు ఎంచుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో ఉండేది అమ్మ, నేను. ఈ ఆట సంగతి విని అమ్మ ఒక షరతు పెట్టింది.

"పోతె పో. ఒంటి మీద ఒక్క మచ్చ కనబడిందో, గదే ఆఖరు. మల్ల రైలెక్కవు."

మా అమ్మ మాటంటే మాటే. కాబట్టి నాకు కావలసింది పరీక్షలో నెగ్గే తొడుగు మాత్రమే కాదు, మా అమ్మ కంటికి ఆనే తొడుగు. అది రెండో పరీక్ష, మొదటి దానికంటే కష్టం.

ఎల్లారెడ్డిలో మా మేనమామ ఉన్నాడు, అమ్మకు తమ్ముడు. ఇత్తడి, వెండి రేకులు కొట్టి గుళ్ళలో విగ్రహాలకు తొడిగే కవచాలు చేస్తాడు. పిట్లం నుంచి బిచ్కుంద దాకా ఏ అమ్మవారి ముఖం మెరుస్తున్నా అది తన సుత్తి మహిమేనని చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు. నేను ఫోన్ చేశాను.

"మామా, ఒక కవచం చెయ్యాలె."

"చేద్దాం కోడలా. ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదనే."

"అమ్మ అడిగిందా?"

"అడుగుడు కాదు, ఖచ్చితంగ చెప్పింది. ఒంటి మీద మచ్చ పడొద్దంటున్నది."

మామ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "అమ్మ నోటితోని చెప్పినంక ఇంకేముంది. కొలతలు పంపు, మంచిగైతది."

ఆ మెత్తదనం ఎందుకో నేను ఆలోచించలేదు. దర్జీ దగ్గర కొలతలు తీయించి పంపాను. స్టీలు రేకుతో చెయ్యమన్నాను. బొమ్మ పంపిస్తానంటే, కవచం ఎట్లుంటదో తనకొకరు చూపించాలా అని మామ కసురుకున్నాడు. నిజమే కదా అనుకున్నాను. మధ్యలో ఒకసారి తనే ఫోన్ చేశాడు.

"నడుం కొలత కరెక్టేనా? జర లావున్నది."

"కరెక్టే."

"పోనీ తియ్. నిండుగ ఉంటెనే కళ."

మామకు నా మీద ఇంత అభిమానం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజు ఆఫీసులో నిజంగానే నవ్వాను.

పని అయిపోయిందని కబురు రాగానే బస్సెక్కి ఎల్లారెడ్డి వెళ్ళాను. కొట్టు మధ్యలో ఎర్రగుడ్డ కప్పి ఏదో నిలబెట్టి ఉంది. పక్కన అగరుబత్తి వెలుగుతోంది. మామ చెప్పులు విడిచి, కళ్ళకద్దుకుని, గుడ్డ లాగాడు.

నిలువెత్తు ఇత్తడి అమ్మవారు. కిరీటం, బొట్టు, ముక్కుపుల్ల, కుచ్చిళ్ళు, అభయమిస్తున్న కుడిచెయ్యి. ఎత్తు నాదే, నడుమూ నాదే. పక్కకు వెళ్ళి వెనక్కి తొంగి చూస్తే ఏమీ లేదు, ఖాళీ. అంచుల వెంట విగ్రహానికి తీగతో కట్టడానికి చిన్న చిన్న బెజ్జాలు.

"ఇదేంది మామా?"

"అమ్మ. నీ కలలకొచ్చి అడిగింది గదా."

అప్పుడు అర్థమైంది. మామకు పోచమ్మ అయినా ఎల్లమ్మ అయినా ఉత్త అమ్మే. కన్నతల్లి అయితే "మీ అమ్మ". మేమిద్దరం అంతసేపు ఫోన్లో ఇద్దరు వేరు వేరు అమ్మల గురించి మాట్లాడుకున్నాం.

"స్టీలు రేకన్న గదా."

"అమ్మకు ఇనుమెట్ల తొడుగుతరే? నీకు తెల్వదని నేనే ఇత్తడి పెట్టిన."

"మరి ఎనక ఏది?"

"ఎనకెందుకు? అమ్మను ఎనక నుంచి ఎవరు చూస్తరు? ఎనక గోడుంటది."

"నా ఎనక గోడ ఉండదు మామా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను తీసి, ఇద్దరు ఆడవాళ్ళు కత్తులతో దబదబా బాదుకుంటున్న వీడియో మామ ముఖం ముందు పెట్టాను. చివరిదాకా చూశాడు.

"వీళ్ళిద్దరికి ఏం పంచాయితి?"

"ఏం లేదు. ఆట."

మామ ఒకసారి నన్ను, ఒకసారి అమ్మవారిని చూశాడు. నేనూ చూశాను. ఆ ఇత్తడి కళ్ళలో అభయం ఏమీ లేదు, ఎవరినో నిలదీస్తున్నట్టు ఉన్నాయి. ఎక్కడో చూసిన కళ్ళే అనిపించింది.

"కండ్లు కొట్టేటప్పుడు నీ మొహమే యాదికొచ్చింది," అన్నాడు మామ. "మంచిగ కుదిరినయి."

మనుషులకు చెయ్యడం మాత్రం తన వల్ల కాదన్నాడు. "నావి చూసేటందుకు పిల్లా, దెబ్బలు తినేటందుకు కాదు. నీ నడుం ఇరిగితే మా అక్కకు నేను మొహమెట్ల చూపియ్యాలె?" మామ నిజంగానే భయపడ్డాడు. నేను బతిమాలాను. లాభం లేకపోయింది. సరే, కామారెడ్డిలో బీరువాలు చేసే అతన్ని అడుగుతానని లేచాను.

"బీరువాలోడు నీకేం చేస్తడు? ముందట తలుపు పెడ్తడు, తాళం పెడ్తడు. కూసో."

అలా ఒప్పుకున్నాడు. తలకు మాత్రం చెయ్యనన్నాడు. "తలకాయ నా చేతిల పెట్టకు" అని దండం పెట్టాడు. తలకు హైదరాబాదు వాళ్ళ టోపీ అరువు తీసుకోవడానికి, మిగతాది మామ చెయ్యడానికి రాజీ కుదిరింది.

ఆ తర్వాత సెలవు దొరికినప్పుడల్లా నేను ఎల్లారెడ్డిలోనే ఉన్నాను. మామ మొదట అట్టముక్కలు కత్తిరించి నా ఒంటికి కట్టి చూసేవాడు. కొట్టులో వెలుగు చాలదని రోడ్డు మీద నిలబెట్టేవాడు. వంగమనేవాడు, లేవమనేవాడు, చేతులెత్తమనేవాడు. విగ్రహాలతో తనకు ఈ బాధ లేదని, అవి కదలమని అడగవని సణిగేవాడు. "అమ్మ ఎప్పుడన్న కూసుంటదా? నువ్వెందుకు కూసుంటవు?" అని కూడా అడిగాడు. బాన్సువాడ బస్సు దిగిన ఒక ముసలామె నన్ను అట్టల్లో చూసి ఆగిపోయింది. "ఎంత కష్టం వచ్చె బిడ్డా. ఏ దవాఖానల చూపిస్తున్నరు?" అని చేతిలో అరటిపండు పెట్టి వెళ్ళింది. నేను తిన్నాను.

ఈలోగా ఇత్తడి అమ్మవారు కొట్టులోనే ఉండిపోయింది. కళ్ళు తెరిచిన ముఖాన్ని మళ్ళీ కరిగించకూడదట. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పసుపు కుంకుమ పెట్టడం మొదలుపెట్టారు. చివరికి నస్రుల్లాబాద్ దగ్గర ఒక చిన్న ఊరివాళ్ళు, కొత్తగా గుడి కట్టుకుంటున్నవాళ్ళు, గంటల కోసం వచ్చి ఆమెను చూసి వదల్లేదు. కవచం కొలతకే విగ్రహం చెక్కించుకుంటామని తీసుకుపోయారు. ఇప్పుడు అక్కడ నా నడుముతో, నా కోపంతో ఒక అమ్మవారు ఉంది. చాలా శక్తిగలదని చెబుతారు. నాకేమీ ఆశ్చర్యం లేదు.

ప్రతిష్ఠకు మామ, నేను వెళ్ళాం. జనంలో నిలబడి చూస్తుంటే మామ నా చెవిలో, "ఎడమ కనుబొమ్మ జర పైకి లేచింది, చూసినవా?" అన్నాడు. వెళ్ళి సరిచెయ్యరాదా అన్నాను. "తొడిగినంక నేను ముట్టొద్దు కోడలా. నేను చేసిందే, అయినా గడప అవతల నిలబడి దండం పెట్టాలె. పిట్లంల ఒక అమ్మకు ముక్కుపుల్ల వంకరుంది. ఎన్నేండ్ల సంది చూస్తున్ననో. చెయ్యి గుంజుతది, పెట్టనియ్యరు." ఎప్పుడూ గొప్పలు చెప్పే మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేను వినలేదు. నాకు జాలేసింది.

స్టీలు రేకుతో ముందు భాగం బాగానే వచ్చింది. పట్టీలకు ఎద్దుల మెడకు కట్టే తోలు వాడాడు. లోపల తొడుక్కోవడానికి అమ్మ తన పాత చీరలన్నీ పరిచి, బొంత కుట్టినట్టే ఒక మందపాటి కోటు కుట్టింది. ఎన్ని పొరలు వేసిందో చెప్పలేదు. దాన్ని వేసుకుంటే నా చేతులు కిందికి దిగేవి కావు.

వీపు దగ్గరే మామ ఆగిపోయాడు. జీవితంలో ఎన్నడూ వీపు చెయ్యలేదు. రేకు ముందేసుకుని కూర్చుని, చివరికి తనకు తెలిసిందే చేశాడు. దేవుని వెనక ఏముంటుంది? ప్రభావళి ఉంటుంది. నా వీపు మీద లతలు, అటొక చిలుక, ఇటొక చిలుక, పైన మధ్యలో కోరలు బయటపెట్టిన సింహం ముఖం ఉబ్బెత్తుగా లేచాయి. ఉత్త రేకు చాలంటే వినలేదు. "ఉత్త వీపుతోని పంపితే నా ఇజ్జత్ పోతది" అన్నాడు.

పోటీ రోజు మామ నాతోనే వచ్చాడు. అమ్మ రాలేదు. "నేను చూడలేను. వచ్చినంక వీపు చూస్త" అంది. మైదానంలో పరీక్షించే ఆయన కర్రతో నా ముందూ వెనకా కొట్టి చూశాడు, వంగమన్నాడు, లేవమన్నాడు. అవన్నీ నాకు ఎల్లారెడ్డి రోడ్డు మీదే అయిపోయాయి. అంతా సరే గానీ చిలుకల ముక్కులు మొనదేలి ఉన్నాయని, ఎవరికైనా గుచ్చుకుంటే ప్రమాదమని, అవి తీసేస్తేనే పంపుతానని అన్నాడు. మామ సంచిలోంచి సుత్తి తీసి, తన చేత్తో తనే రెండు ముక్కులూ అణగ్గొట్టాడు. నా ముఖం చూడలేదు.

నాకు ఎదురుపడిన అమ్మాయి నాకంటే జానెడు పొడవు. కాళ్ళు తప్ప ఒంట్లో ఏది నేలకు తగిలినా ఓడినట్టే. మొదలుపెట్టగానే ఆమె పక్కకు జరిగి నా వీపు మీద ఒక్కటిచ్చింది. ఠంగుమని గుడిగంట మోగినట్టు మోగింది. ఆ చప్పుడుకు మామ అలవాటు కొద్దీ చేతులు జోడించాడని తర్వాత ఎవరో చెప్పారు. నాకు మాత్రం ఒంట్లో ఏమీ తెలియలేదు. దెబ్బ అంతా సింహమే తినేసింది. నాకు ఎక్కడలేని సంతోషం వచ్చింది. తిరిగి నేనూ కొట్టాను, కౌంటరు అవతలి వాళ్ళందరినీ తలుచుకుని కొట్టాను. చాలాసేపే నిలబడ్డాను. చివరికి ఆమె భుజంతో తోస్తే వెల్లకిలా పడి, తాబేలులా లేవలేక అక్కడే ఉండిపోయాను.

మామ బరి చుట్టూ కట్టిన తాడు దాటి పరుగెత్తుకొచ్చాడు.

"నొచ్చిందా?"

"లే మామా. ఓడిపోయిన."

"ఓడితే ఏమైతది? నొయ్యలే గదా. నిజం చెప్పు, నొయ్యలే గదా?"

మామ రేకుల సందుల్లో వేళ్ళు పెట్టి నా భుజాలు తడుముతున్నాడు. టోపీ లోపల నాకు ఏడుపొచ్చింది. ఓడినందుకు కాదు.

ఇంటికి రాగానే అమ్మ నన్ను వెలుతురులో నిలబెట్టి, జాకెట్టు పైకి లేపి, వీపంతా చేత్తో తడిమి చూసింది. ఏమీ లేదు. మోచేతి మీద మాత్రం నల్లగా కమిలిన మచ్చ ఒకటి దొరికింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"అది రైలు తలుపు తగిలింది అక్కా," అన్నాడు మామ. "నా పని కాదు."

అమ్మ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. "అయితే ఈసారి రైలుకు గూడ తొడుక్కపో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఈసారి అనే మాట విని మామ, నేను ఒకరినొకరం చూసుకున్నాం.

తర్వాతి ఆదివారం నొక్కులు తీయించడానికి కవచం పట్టుకుని ఎల్లారెడ్డి వెళ్ళాను. మామ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో నొక్కును బొటనవేలితో తడిమి చూశాడు. ఇది ఎట్ల తగిలింది, ఇది ఎప్పుడు తగిలింది అని అడిగాడు. అప్పటిదాకా చేసినవాటిలో తన చేతికి తిరిగొచ్చింది ఇదొక్కటే. ముందు చిలుకల ముక్కులు మళ్ళీ లేపాడు, ఈసారి గుండ్రంగా. తర్వాత చిన్న సుత్తితో లోపలి నుంచి టుకటుక కొడుతూ నొక్కులన్నీ తీశాడు. చాయ్ చల్లారిపోయినా పట్టించుకోలేదు.

చేతికిచ్చాక చూస్తే సింహం చెంప మీద ఒక నొక్కు అలాగే ఉంది.

"మామా, గిదొకటి మర్చినవు."

"మరవలే," అన్నాడు మామ, సుత్తి పక్కన పెడుతూ. "అన్ని తీస్తే నువ్వు మల్లెందుకొస్తవు?"