పిలిస్తే పలకని మస్తానయ్య

పిలిస్తే పలకడమనేది మస్తానయ్య జాతకంలోనే లేదు. క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. అన్నం ముందు కూచుని ఎటో చూస్తుంటాడు. భార్య లక్ష్మమ్మ గట్టిగా కసిరితే గానీ ముద్ద నోట్లోకి పోదు.

"గోడకి చెప్పినా పలుకుద్ది మాస్టారూ, ఈయన పలకడు" అని మా అరుగు మీద కూచుని తిట్టిపోసేది. ఊరేమో ఆయన్ని పరాకు మస్తానయ్య అనేది.

ఎనభై నాలుగు శివరాత్రికి ఆ పరాకే ఊరికి గుబులైంది. కోటప్పకొండకి మేం మొక్కుగా వెదుళ్ళతో కట్టుకుపోయే ప్రభ తాటిచెట్టుని మించిన ఎత్తు. ఎడ్లబండి మీద అది పడిపోకుండా నాలుగు పక్కలా మోకులు పట్టుకు నడుస్తారు. ఒక్కో మోకుకీ ముందు పట్టు ఒక్కో ఇంటి హక్కు. కుడి మోకు మస్తానయ్య తండ్రిది. ఆ ముసలాయన కార్తీకంలో పోయాడు.

"పరాకు మనిషికి మోకిస్తే ప్రభ జనం నెత్తిన పడుద్ది" అన్నాడు ప్రభ పెద్ద పెదకోటయ్య.

ఇంగ్లీషు చెప్పి బతికేవాణ్ణి, ఊరుకోలేకపోయాను. "పలకనివాళ్ళు రెండు రకాలు బాబాయ్. మనసు ఎటో పోయి పలకకపోతే డిస్ట్రాక్షన్. మనసంతా ఒక్కచోటే ఉండి పలకకపోతే కాన్సంట్రేషన్. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి."

"ఈడిది ఏదో తేల్చటానికి మనుషుల ప్రాణాలే దొరికినయ్యా మాస్టారూ?"

అయినా ఇంటి హక్కు కాదనలేక మోకు ఆయనకే ఇచ్చారు.

కొండ కనబడుతుండగా కాలవ కట్ట దిగాలి. అక్కడ బండి ఎడమ చక్రం మెత్తటి మట్టిలో దిగబడింది. ప్రభ ఎడమకి ఒరిగింది. అటు పక్క బండికీ ముళ్ళకంచెకీ మధ్య ఆడవాళ్ళు ఇరుక్కుపోయారు. వాళ్ళలో లక్ష్మమ్మ ఉంది. కుడి మోకు మీది మిగతావాళ్ళు బురదలో జారిపడ్డారు. మస్తానయ్య ఒక్కడే మిగిలాడు. మోకుని పక్కనున్న తుమ్మమొద్దుకి ఒక చుట్టు తిప్పి, మడమలు తన్నిపెట్టి, ప్రభ కొస మీద చూపు నిలిపాడు.

"ఏమయ్యో! ఇటు చూడయ్యో!" లక్ష్మమ్మ కేక ఊరంతటికీ వినబడింది. ఆయన తల తిప్పలేదు.

"పరాకులో పడ్డాడ్రా, మోకు లాక్కోండి!" పెదకోటయ్య అరిచాడు.

నేను వాగిన రెండు మాటల్లో ఏది నిజమో ఇప్పుడు తేలిపోతుంది. తప్పయితే ఆ ఆడవాళ్ళు మిగలరు.

కొస కదిలిన ప్రతిసారీ మస్తానయ్య చేతులు కదిలాయి. కాస్త వదులుతాడు, మళ్ళీ బిగిస్తాడు. మోకు ఎర్రబడింది. అది ఆయన అరచేతుల నెత్తురు. అంతలో పడినవాళ్ళు లేచి పట్టారు. ప్రభ మెల్లగా నిటారుగా నిలబడింది.

లక్ష్మమ్మ బండి చుట్టూ పరిగెత్తుకొచ్చింది. ఆ చేతులు చూసి ఒళ్ళోకి తీసుకుని బావురుమంది.

"పలకవని ఇన్నేళ్ళు తిట్టానయ్యా. ఇయ్యాల పలికుంటే నేను లేను."

మస్తానయ్య కొస మీంచి చూపు దించి ఆమెను చూశాడు.

"నువ్వు పిలిచావా?" అన్నాడు.