ఎనిమిది వారాల బాబాయి

ఏ వీడియోగేమ్ మిషన్ అయినా సరే, మొదటి ఎనిమిది వారాల అమ్మకాలు చూసి అది ఎన్నాళ్ళు బతుకుతుందో చెప్పెయ్యడం బాబాయికున్న జబ్బు. దానికి మందు లేదు. ఉంటే, గేముల షాపు నడిపే ఆయన అన్నకూతురు ఎప్పుడో తెచ్చి పట్టించేది.

బాబాయి వాతావరణ శాఖలో ముప్ఫయ్యేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. అక్కడ వాన పడుతుందని ఆయన రాసిన రోజున ఎండ మాడ్చేసేది. ఆ కసినంతా గేమ్ మిషన్ల మీద తీర్చుకుంటున్నాడని అన్నకూతురి అనుమానం. పొద్దున ఆమె షట్టరెత్తేసరికే నోటుపుస్తకం చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేవాడు.

పొద్దున్నించీ నిలబడి ఆమెకి కాళ్ళు లాగేస్తుంటాయి. గంటసేపు అన్ని పెట్టెలూ దింపించిన పెద్దమనిషి ఎట్టకేలకు "సరే, ఇది కట్టెయ్యండి" అంటాడు. సరిగ్గా అప్పుడే బాబాయి గొంతు సవరించుకుంటాడు.

"ఊరు మొత్తమ్మీద దీనివి మొదటి వారం రెండొందలు. ఎనిమిదో వారం పదకొండు. ఎగబడి కొన్నవాళ్ళంతా వీరాభిమానులు నాయనా. మామూలు జనం అటు చూడ్డం లేదు. రెండేళ్ళు తిరక్కుండా పోతుంది."

"ఎవరండీ ఈయన?"

"మా బాబాయండీ," అంటుందామె నీరసంగా.

"పోనీ, ఆ పక్కది?"

"దానికింకా మూడో వారమే. ఐదు వారాలాగి రండి, చెబుతాను."

ఆ పెద్దమనిషి ఐదు వారాలాగి కాదు, మళ్ళీ ఎప్పుడూ రాడు.

పోనీ జోస్యాలు ఫలించేవా అంటే అదీ లేదు. బాబాయి నీళ్ళొదిలేసిన మిషనొకటి తొమ్మిదేళ్ళు దర్జాగా బతికింది.

"మరి దీని సంగతేంటి బాబాయ్?"

"మొదట్లో ఫ్యాక్టరీ నుంచి సరుకే రాలేదమ్మాయ్. సరుకు లేని వారాన్ని వారమంటారా?"

"మరి ఆ నల్లది?"

"ధర తగ్గించి అమ్మారు. సెలైనెక్కించి లేపింది లెక్కలోకి రాదు."

జబ్బు మిగతావాటికీ పాకింది. పై వాటాలోని కొత్త దంపతుల గురించి, "ఏడో వారం నుంచీ కూరలకి విడివిడిగా వెళుతున్నారు, చూశావా?" అని కలవరపడ్డాడు. అన్నకూతురు సాయంత్రం నడక మొదలుపెడితే, "రెండో వారానికే నీ గ్రాఫు పడిపోయిందమ్మాయ్" అన్నాడు. ఆమె ఆ రోజుతో నడక మానేసింది.

అలా ఉండగా, చేతిపిడి పట్టుకుని మనం చెయ్యి ఊపితే తెరమీద బొమ్మ కూడా చెయ్యి ఊపే కొత్త మిషనొకటి వచ్చింది. షాపులో ఎనిమిది వారాల్లో అమ్ముడైనవి మూడు. "అయిపోయింది," అని బాబాయి ఊరంతా చెప్పొచ్చాడు.

ఆ మూడింట్లో ఒకదాన్ని కొన్నది ఒక లారీ డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. తెరమీద చెట్టు నుంచి పళ్ళు కోసే ఆట రోజూ ఆడమని, దానితో చెయ్యి స్వాధీనంలోకి రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. అంకెల వాసన తగిలితే బాబాయి ఊరుకుంటాడా? "వారానికెన్ని కోశారో రాసి పెట్టండి," అని మొదటి రోజే పురమాయించాడు.

తొమ్మిదో వారం మొదట్లో డ్రైవరు మిషన్ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. ఎడమచేత్తో జేబులోంచి కాగితం తీశాడు.

"వెనక్కి తీసుకోండమ్మా. మూడు, నాలుగు, మూడు, మూడు... ఎనిమిది వారాలూ ఇంతే. సారు లెక్క ప్రకారం చూసుకున్నాను. ఈ చెయ్యి ఇంక స్టీరింగ్ పట్టదు."

బాబాయి కాగితం అందుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. అంకెల విషయంలో ఆయన కన్నతండ్రికైనా మొహమాటపడే రకం కాదు.

"ఎనిమిది వారాలని మీకెవరు చెప్పారు?" అన్నాడు బాబాయి.

"మీరే కదా సార్!"

"అది మిషన్లకి. మనుషులకి ఎనభై."

"ఎనభయ్యా?"

"ఎనభై. ఎనిమిదో వారంలో మనిషి సంగతి తేల్చేసేవాడికి కూడికలు కూడా రానట్టే."

"అన్నాళ్ళు ఈ మిషనుండాలి కదా? పోతుందని మీరే అన్నారు."

"మీది పోదు. పట్టుకెళ్ళండి."

డ్రైవరు మిషన్ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"ఎనభై వారాల లెక్క ఎప్పటి నుంచి బాబాయ్?"

"ఇవాళ్టి నుంచి," అంటూ ఆయన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

మరో రెండు నెలలకి కంపెనీ ఆ మిషన్ తయారీ ఆపేసింది. ఇన్నేళ్ళకి ఒక జోస్యం అచ్చంగా నిజమైంది. అయినా బాబాయి ఆ రోజు షాపుకే రాలేదు. జ్వరమేమోనని మాత్రలు పట్టుకుని ఆమె ఆయన గదికి వెళ్ళింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. మంచం కింద మాత్రం పక్క ఊరి షాపు చీటీలతో ఆరు పెట్టెలున్నాయి. ఆరూ ఆ మిషన్లే. చివరిదాన్ని అప్పుడే లోపలికి తోస్తున్నాడు.

"పోతుందని ఊరంతా చాటావు కదా! ఆరెందుకు కొన్నావ్?"

"పోతుందని తెలిసినవాడే ముందు కొనుక్కోవాలమ్మాయ్. డ్రైవరుగారిది పాడైతే రేపెక్కడ దొరుకుతుంది? ఎనభై వారాలు లాగాలా, వద్దా?"

"దానికి ఒకటి చాలదూ?"

"నా లెక్కకీ ఒకటే వచ్చింది," అన్నాడు బాబాయి తల గోక్కుంటూ. "నా లెక్కల సంగతి నీకు తెలుసుగా. అందుకే ఆరు తెచ్చాను."

ఆమె మంచం మీద కూలబడి, కాళ్ళనొప్పులు మరిచిపోయి పడీ పడీ నవ్వింది.

ముప్ఫయ్యో వారంలో డ్రైవరు షాపుకొచ్చి కాగితాన్ని కుడిచేత్తో అందించాడు. చెయ్యి వణికింది గానీ కాగితం జారలేదు. పదకొండు పళ్ళు.

"ఏమంటారు సార్?"

"ఇంకా యాభై వారాలున్నాయి. తొందరపడి ఏమీ చెప్పలేం," అని బాబాయి ముఖం గంభీరంగా పెట్టాడు.

కానీ ఆ సాయంత్రం షాపుకొచ్చిన ముగ్గురికి ఆయన ఏ మిషన్ ఆయుష్షూ చెప్పలేదు. ముగ్గురూ కొనుక్కుని వెళ్ళారు.